టీకా రోజు కూలి పోతోంది

సంపాదకులకు నమస్కారం.

గుంటూరులో జాకెట్లు కుట్టుకుని బతికేదాన్ని. 2015లో సంక్రాంతి వెళ్లిన వారానికి మా పెద్దమ్మాయి కొడుక్కి వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. వాడికప్పుడు ఏడు నెలలు. ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. రోటా వైరస్ అన్నారు. బిల్లు కట్టడానికి నా చెవిదుద్దులు 18 వేలకు తాకట్టు పెట్టాను. వడ్డీ కట్టుకుంటూ విడిపించుకునేసరికి రెండేళ్లు పట్టింది. మా అల్లుడు పని మానేసి ఆసుపత్రిలో కూర్చున్న రోజులు ఈ లెక్కలో లేవు.

ఆ జబ్బుకు టీకా ఉందని మాకు అప్పుడే తెలిసింది. కాకపోతే డబ్బులిచ్చి వేయించుకోవాలి. మరుసటేడు, 2016లో, ఆ టీకా చుక్కలు ఉచితంగా మొదలుపెట్టిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. మన హైదరాబాద్‌లో తయారైన మందే. నిరుడు పుట్టిన చిన్నమ్మాయి కూతురికి ఆరు, పది, పద్నాలుగు వారాలకు మూడుసార్లూ వేయించాం. న్యుమోనియా టీకా కూడా 2021 నుంచి దేశమంతా ఉచితమే, అదీ వేశారు. పైసా అడగలేదు. చుక్కలు వేస్తే విరేచనాలే రావని కాదు, సెలైన్ దాకా పోకుండా కాపాడతాయని నర్సమ్మ చెప్పింది. నాకు అది చాలు.

అయినా మా వీధిలో ఇద్దరు తల్లులు రెండో డోసుకు పిల్లల్ని తీసుకెళ్లలేదు. భయంతో కాదు. వాళ్లు మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతారు, కిలోల లెక్కన కూలి. టీకా వేసేది పొద్దున పని వేళలోనే, ఆ పూట కూలి పోతుంది. అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ సూదికి రాత్రి జ్వరమొచ్చి పిల్ల ఏడిస్తే మర్నాడూ పోతుంది. "మళ్లీ ఆ టెన్షన్ ఎవరు పడతారు పిన్నీ" అంది ఒకమ్మాయి. ఆ జ్వరం మామూలేనని, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుందని, సిరప్ ఎంత పట్టాలో ముందే చెప్పి ఉంటే ఆ తల్లి అంత బెదిరిపోయేది కాదు.

అధికారులకు నా మనవి ఒక్కటే. మిరప సీజన్ ఉన్నన్నాళ్లు వారానికి ఒక్కరోజైనా సాయంత్రం ఆరు తర్వాత, ఈ ఆడవాళ్లు పనిచేసే కోల్డ్ స్టోరేజీల దగ్గర టీకాలు వేయించండి. పని దిగి వచ్చేటప్పుడు పిల్లల్ని మేం ముసలాళ్లం ఎత్తుకొస్తాం.

– ఒక అమ్మమ్మ, గుంటూరు