ఆదివారం సోమశిల పరుగు: దారి మారింది

అందరికీ నమస్తే. పొద్దున అయిదున్నరకు లలితా సోమేశ్వర గుడి దగ్గర కలుద్దాం. ఒడ్డు వెంబడి ఉరికే దారిని ఈసారి వదిలేద్దాం. అక్కడున్నవి శ్రీశైలం జలాశయం వెనక నీళ్లు. డ్యాం 885 అడుగులకు నిండితే ఎండాకాలంలో మనం ఉరికిన నేలంతా మునుగుతది. నీళ్లు తీసినంక పైన ఎండినట్టే కనిపిస్తది గానీ, లోపలి ఒండ్రులో కాలు దిగబడితే చీలమండ బెణుకుడే. అందుకే గుట్ట మీది బండ్ల బాట పడదాం. రాళ్లు, తుమ్మ ముండ్లు ఉంటయి, అడుగు మందంగా ఉన్న బూట్లే వేసుకోండి. దిగేటప్పుడు చిన్న అడుగులు వేయాలె, మోకాళ్లు మనకు చానా ఏండ్లు కావాలె. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అడవిలోకి మాత్రం అనుమతి లేకుండా ఎవరూ మళ్లొద్దు, దయచేసి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు. వచ్చేవాళ్లు శనివారం సాయంత్రంలోపు ఇక్కడే పేరు పెట్టండి.