కార్లు రాని బాట అని చెప్పినందుకు మీకు ఇవ్వవలసిన లెక్క

మా సైకిల్ దుకాణం తరఫున నడిపే ఆదివారం ఉదయపు సైకిల్ ప్రయాణాలను జనవరి నెలాఖరు నుంచి ఎందుకు ఆపేశానని మీలో చాలామంది ఫోను చేసి అడిగారు. సైకిళ్లకు మరమ్మతులు జరుగుతున్నాయని అప్పుడు సమాధానం చెప్పాను. మరమ్మతులు జరిగిన మాట నిజమే అయినా, ఆపడానికి అసలు కారణం అది కాదు. మళ్లీ మొదలుపెట్టే ముందు ఆ కారణాన్ని మీ ముందు పెట్టడం నా బాధ్యత.

సంక్రాంతి సెలవుల చివరి ఆదివారం 18 మందితో పెన్నకు ఉత్తరాన, జొన్నవాడ వైపు కాలువ కట్ట మీద వెళ్తున్నాం. కట్ట బాట ఒక ఊరి దారిని దాటే చోట, ఖాళీ ట్రక్కు తగిలించుకున్న ట్రాక్టరు ఒకటి వెనుక నుంచి వచ్చింది. అది మెల్లగానే వచ్చింది, నడిపే మనిషి హారను కూడా కొట్టాడు. ఆ శబ్దానికి కంగారుపడిన తొమ్మిదేళ్ల పాప ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టడంతో, బరువంతా ముందు చక్రం మీద పడి సైకిలు తిరగబడింది. పాప కట్ట వాలు మీద పడింది, మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. వైద్యం ఖర్చు నేనే పెట్టుకున్నాను. తల్లిదండ్రులు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, కానీ మా దుకాణం ముందున్న బోర్డు మీద 'కార్లు లేని బాట' అని రాయించింది నేను. ఆ 14 కిలోమీటర్ల దారిలో దాదాపు 3 కిలోమీటర్ల మేర ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు, అప్పుడప్పుడు కార్లు కూడా తిరుగుతాయని నాకు మొదటి నుంచీ తెలుసు. ఆదివారం తెల్లవారుజామున పెద్దగా రావులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను, మీకు మాత్రం చెప్పలేదు. తప్పు ట్రాక్టరు నడిపిన మనిషిది గానీ, పాపది గానీ కాదు. అది పూర్తిగా నాది, అందుకు మీ అందరికీ క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ఐరోపాలో నదుల పక్కన సాగే సైకిల్ బాటల వీడియోలను కొందరు నాకు పంపి, మన పెన్న గట్టున అటువంటిది ఎందుకు కుదరదని అడుగుతుంటారు. జర్మనీలోని పస్సావు నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా వరకు డాన్యూబ్ నది వెంట 300 కిలోమీటర్లకు పైగా బాట ఉంది. ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో రైళ్లు ఆగిపోయిన పాత రైలు మార్గాన్నే నడిచేవాళ్లకూ సైకిళ్లకూ ఇచ్చేశారు. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాకు కూడా సైకిళ్ల కోసమే కట్టినది. మన కట్టల సంగతి వేరు. అవి సాగునీటి కోసం, వరదను ఆపడం కోసం వేసినవి. వాటి మీద మొదటి హక్కు పొలానికి వెళ్లే రైతుది, కాలువ చూసుకునే లస్కరుది, గేదెలు తోలుకెళ్లే మనిషిది. మనం అక్కడ అతిథులం. ఈ మాట మొదటి రోజే మీకు చెప్పి ఉంటే, ఆ ఊరి దారి దగ్గర అందరం సైకిళ్లు దిగి నడిపించుకుంటూ దాటేవాళ్లం.

అందువల్ల జొన్నవాడ వైపు బాటను తగ్గించాను. ఊరి దారులు అడ్డం రాని భాగం సుమారు 6 కిలోమీటర్లు ఉంది, దాన్నే వెళ్లడానికీ రావడానికీ వాడతాం. ఆ భాగాన్ని నెలరోజులుగా వేర్వేరు వేళల్లో ఏడుసార్లు తిరిగి చూశాను, ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర లోపు నాలుగు చక్రాల బండి ఒక్కటి కూడా ఎదురుపడలేదు. అయితే వరి కోతలు మొదలయ్యాక కోత మిషన్లు, వడ్ల ట్రాక్టర్లు కట్టల మీదకు వస్తాయి, చదునుగా ఉన్న ప్రతి చోటా రైతులు వడ్లు ఆరబోస్తారు. నెల్లూరు జిల్లా రైతుకు ఏడాది కష్టం చేతికొచ్చే ఆ రోజుల్లో మన సైకిళ్లతో అడ్డం తిరగడం నాకు ఇష్టం లేదు. కాబట్టి మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ బాట మనకు ఉండదు.

మార్చి నుంచి, ఏప్రిల్ మూడో వారంలో ఎండల సెలవు మొదలయ్యే వరకు, మైపాడు వైపు బకింగ్‌హామ్ కాలువ కట్ట, దాని పక్కన సరుగుడు తోటల మధ్య దారి వాడతాం. నాకు అన్నింటికన్నా ఇష్టమైన దారి ఇదే. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు మొదలైన ఈ ఉప్పునీటి కాలువ తరువాత కోస్తా వెంట పెరుగుతూ వచ్చి, ఒకప్పటి మద్రాసు గవర్నరు పేరుతో నిలిచిపోయింది. పడవలను గట్టు మీద నుంచి తాళ్లతో లాగుతూ నడిచిన కాలం ఉండేది. మనిషి నడకకు సరిపోయేంత చదునుగా సాగే గట్టు కాబట్టే అది సైకిలుకు కూడా అంత బాగా ఒప్పుతుంది.

సరుగుడు తోటల గురించి కూడా ఒక సవరణ చెప్పాలి. మా కరపత్రంలో దాన్ని 'అడవి బాట' అని వేయించాను. అది అడవి కాదు, రైతులు వేసుకున్న పంట. నాలుగైదేళ్లకు కోతకు వస్తుంది, కర్ర అమ్ముడుపోతుంది. పోయిన ఏడాది మీరు నీడలో తిరిగిన తోటల్లో ఒకటి ఇప్పటికే కొట్టేశారు. అక్కడ దాదాపు అర కిలోమీటరు మొదళ్లు మాత్రమే కనిపిస్తాయి, ఎండ నేరుగా తగులుతుంది. మిగిలిన తోటల్లో రాలిన సన్నటి ఆకు మెత్తగా పరుచుకుని చక్రం చప్పుడు కూడా వినిపించనివ్వదు, పైన గాలి హోరు మాత్రం సముద్రం దగ్గర్లోనే ఉందని చెబుతుంటుంది. తోటల యజమానులు ఇద్దరిని కలిసి అనుమతి తీసుకున్నాను. వాళ్లు కోరింది ఒక్కటే, తోటలో ఎవరూ బీడీ, సిగరెట్టు కాల్చకూడదు. ఎండిన సరుగుడు ఆకు నిప్పురవ్వకే అంటుకుంటుంది. ఈ నియమం తప్పినవారిని అక్కడికక్కడే వెనక్కు పంపుతాను, వాళ్లు ఎంత పాత పరిచయస్తులైనా సరే.

తోటల మధ్య ఇసుక ఉంటుంది. రోడ్డు మీద తొక్కినట్టు టైరులో గాలి బిగువుగా ఉంటే చక్రం ఇసుకలో కూరుకుపోతుంది, ముందు చక్రం పక్కకు జారుతుంది. అందుకే వెడల్పు టైర్లలో మామూలుగా 45 పౌండ్లు ఉండే గాలిని అక్కడికి చేరాక 30 వరకు తగ్గిస్తాం. గాలి తక్కువగా ఉందని కొందరు నా పంపు తీసుకుని మళ్లీ కొట్టుకున్నారు. దయచేసి అలా చేయవద్దు.

పంక్చర్ల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం వీటి గురించే. కట్టల పక్కన పెరిగే చిల్లకంప ముల్లు పొడుగ్గా, గట్టిగా ఉండి టైరును దాటి ట్యూబులోకి దిగుతుంది. పల్లేరు కాయ అంతకన్నా మొండిది. అది ఎటు పడినా ఒక ముల్లు పైకి నిలబడే ఉంటుంది. డిసెంబరులో ఒకే ఉదయం అయిదు సైకిళ్లకు పంక్చర్లు పడితే, సొల్యూషన్ ఆరే వరకు చిన్నపిల్లలతో సహా అందరూ ముప్పావు గంట ఎండలో నిలబడ్డారు. ఈ నెలలో అన్ని సైకిళ్ల ట్యూబుల్లో చిల్లును లోపలి నుంచే పూడ్చే ద్రవం పోయించాను. పెద్ద ముల్లుకు అది చాలదు కాబట్టి ఇకపై దారిలో ప్యాచ్ వేయడం మానేసి, వెంట తెచ్చిన కొత్త ట్యూబు మార్చేస్తాం. మా నాన్నగారు గంటకు అద్దె సైకిళ్లు నడిపిన రోజుల్లో, తీసిన ముల్లు చూపించకుండా డబ్బు తీసుకునేవారు కాదు. నేను కూడా చూపిస్తాను, కానీ డబ్బు తీసుకోను.

పిల్లల సైకిళ్లకు ముందు బ్రేకు వైరు కాస్త వదులు చేయించాను. రెండు బ్రేకులూ కలిపి పట్టడం, సీటు మీద వెనక్కు జరగడం అనే రెండు విషయాలను పావుగంట సాధన చేయించాకే కట్ట ఎక్కనిస్తాం. ఇది పెద్దలకు కూడా వర్తిస్తుంది.

పెంచలకోన కొండల కింద అడవిలోకి తీసుకెళ్లమని అడిగేవారు ప్రతి నెలా ఉంటారు. అది పెనుసిల నరసింహ అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకు వచ్చే అటువంటి చోట అటవీ శాఖ అనుమతి లేకుండా బాట దిగకూడదు. నేను అనుమతి అడగలేదు, అడిగే ఆలోచన కూడా లేదు. పది మంది ఒకేసారి మాట్లాడుకుంటూ వెళ్తే అక్కడి జంతువులకు ఇబ్బంది కలుగుతుంది, దారిలో ఎవరికైనా దెబ్బ తగిలితే వెంటనే బయటకు తెచ్చే ఏర్పాటు నా దగ్గర లేదు.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల కాలంలో, సోమశిల నుంచి నీళ్లు వదిలారని తెలిసిన రోజు పెన్న పక్కన ప్రయాణం ఉండదు. 2021 నవంబరు వరదలో పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి, రైలు కట్ట రెండూ కోసుకుపోవడం మనమందరం చూసిందే. అంత గట్టి కట్టలే నిలవని నీటి ముందు మట్టికట్టను నమ్మి మీ పిల్లలను తీసుకెళ్లలేను. బయలుదేరే ఉదయం రద్దు చేసినా డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తాను.

ఇక డబ్బు విషయం. మనిషికి 350 రూపాయలు ఉన్న రుసుము 500 అవుతుంది, ఒక జట్టులో 10 మందినే తీసుకుంటాం. మైపాడు వరకు ఎవరి కారులో వాళ్లు వచ్చి కార్లు లేని బాట తొక్కడం నాకు సబబుగా అనిపించలేదు, దుకాణం నుంచి తొక్కుకుంటూ వెళ్తే బండ్ల రద్దీ తప్పదు. అందుకని మనుషులకు ఒక వ్యాను, సైకిళ్లకు ఒక ట్రాలీ ఆటో మాట్లాడాను. వ్యానుకు 1,900, ట్రాలీకి 1,600, ముందొకరూ వెనుకొకరూ ఉండే ఇద్దరు కుర్రాళ్లకు కలిపి 1,000 పోతాయి. పది మందీ వస్తే నాకు మిగిలే 500లోనే ట్యూబులు, మంచినీళ్లు చూసుకోవాలి. ఈ లెక్కతో లాభం రాదని నాకు తెలుసు. వారంలో మిగతా రోజుల్లో జరిగే మరమ్మతుల పనితో దుకాణం నడుస్తుంది.

ముందుగా డబ్బు కట్టిన 23 మందికి రెండు దారులున్నాయి. పాత రుసుముతోనే కొత్త ప్రయాణానికి రావచ్చు, లేదా డబ్బు వెనక్కు తీసుకోవచ్చు. వెనక్కు కావాలనుకునేవారు కారణం చెప్పనవసరం లేదు, దుకాణానికి వచ్చినా ఫోను చేసినా అదే రోజు ఇస్తాను. మొదటి ప్రయాణం మార్చి రెండో ఆదివారం మైపాడు వైపు, వ్యాను దుకాణం దగ్గర ఉదయం అయిదుంబావుకు బయలుదేరుతుంది. ఏప్రిల్ మూడో వారం నుంచి జూన్ నెలాఖరు వరకు ఎండల వల్ల సెలవు. బోర్డు మీద 'కార్లు లేని బాట' అన్న మాటను చెరిపించాను. దాని స్థానంలో ప్రతి బాటలో బండ్లు ఎదురయ్యే చోట్లను గుర్తించిన పటం పెడుతున్నాను. పేరు నమోదు చేసుకునే ముందు ఒకసారి వచ్చి చూడండి.