చీనీ (బత్తాయి) తోటల్లో పూడిపోతున్న డ్రిప్పర్లపై ఉద్యాన శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

అయ్యా,

సోమవారం గ్రీవెన్స్‌లో డ్రిప్ గురించి ఇచ్చిన అర్జీలు ‘పరిష్కారమైనవి’ అని మా ఫోన్లకు మెసేజ్‌లు వస్తున్నాయి. తోటకు మాత్రం ఎవరూ రాలేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాం.

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల వాన. ఇంత తక్కువ వానకు చీనీ చెట్టు నిలబడిందంటే డ్రిప్ పుణ్యమే, కాదనం. ఎన్ని ఎకరాలకు పరికరాలిచ్చారో ప్రతి సమావేశంలో చెబుతున్నారు. వాటిలో ఇవాళ సరిగా పనిచేస్తున్నవెన్నో కూడా ఒక్కసారి లెక్క తీయించండి. గంటకు 4 లీటర్లు వదిలే డ్రిప్పరు (చెట్టు దగ్గర నీటి బొట్లు వదిలే బిరడా) కింద గిన్నె పెట్టి 15 నిమిషాలు ఆగితే లీటరు నీళ్లు పడాలి. లైను మొదట్లో, మధ్యలో, చివర్లో చూడండి. చివర్లో అరలీటరు కూడా పడకపోతే ఆ తోటకు డ్రిప్ ఉన్నట్టా, లేనట్టా?

కారణం మీ ఇంజనీర్లకు తెలియంది కాదు. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. డ్రిప్పరు మూతి దగ్గర బొట్టు ఆరిన ప్రతిసారీ తెల్లటి పొర మిగిలి, అదే పేరుకుని రంధ్రం పూడుతుంది. కుంట నీళ్లు తోడుకునేవాళ్లకు పాచి బెడద. బోరులో ఇసుక వస్తే నీటిని సుడి తిప్పి ఇసుకను వేరుచేసే హైడ్రోసైక్లోన్ పెట్టాలి, కుంట నీళ్లకు ఇసుక ఫిల్టరు పెట్టాలి. నీళ్లు పరీక్షించకుండా అందరికీ ఒకే జాలి ఫిల్టరు బిగించి వెళ్లిపోతున్నారు. దానికి ముందూ వెనకా ప్రెషరు గేజీలుంటే తేడా అరకేజీకి చేరగానే జాలి కడుక్కోవచ్చు. గేజీలే లేని చోట రైతుకెలా తెలుస్తుంది?

పేరుకున్న సున్నం కరగడానికి పైపుల్లోకి యాసిడ్ ఎక్కించుకోండి అని నోటిమాటగా చెప్పి పోతే చాలదయ్యా. అది ప్రాణాల మీదికి తెచ్చే పని. యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు. వెంచురీ (మందును పైపులోకి పీల్చే పరికరం) ద్వారా ఎక్కించి, లైను చివరి నీళ్లు పీహెచ్ (ఆమ్లం కొలత) 4కు దిగాక పది పదిహేను నిమిషాలు నడిపి మోటారు ఆపాలి. ఒక రోజు ఆగి, పైపుల చివరి మూతలు (ఎండ్ క్యాపులు) విప్పి, నీళ్లు తేటపడేదాకా వదలాలి. పాచికి వాడే బ్లీచింగ్‌ను దీంతో కలిపితే విషవాయువు వస్తుంది. ఇవన్నీ పొలంలో నిలబడి చూపించే మనిషి కావాలి.

ఆ మనిషి లేకనే రైతు విసిగి డ్రిప్పర్లు పీకేస్తున్నాడు, మేకుతో పైపుకు బొక్కలు పెడుతున్నాడు. అప్పుడు మోటారు దగ్గరి చెట్లు మడుగులో నిలుస్తాయి, చివరి చెట్లు ఎండుతాయి. వాటికోసం మోటారు ఇంకో రెండు గంటలు తిరుగుతుంది. నీళ్లు మిగిల్చేందుకని ఇచ్చిన పరికరంతోనే బోరు అడుగంటుతోంది. మా బాధంతా ఇదే.

దయచేసి ఎండాకాలం ముదరకముందే మండలానికొక టెక్నీషియన్ని పంపండి. నీటి పరీక్ష చూసి ఫిల్టరు ఇప్పించండి. గేజీలు, ఎండ్ క్యాపులు మండలంలోనే దొరికేలా చూడండి. అర్జీ మూసేముందు ఆ రైతు సంతకం తీసుకోమని కింది అధికారులకు చెప్పండి.

ఇట్లు,
అనంతపురం జిల్లా చీనీ రైతులు