టేపు అతికించడం వేరు, ట్రాకు మీద ట్రాకు వేరు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఒక పాఠకులు రాసిన ఉత్తరం చదివాను. కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ అంతటివాడే బాఖ్ రాసిన ఫ్యూగ్ అనే రచనని మల్టీట్రాక్ లో (అంటే ఒక్కో లైనూ విడిగా రికార్డ్ చేసి ఒకదాని మీద ఒకటి పెట్టి) ముక్కముక్కలుగా వాయించి కలిపేసుకున్నాడు, ఇంక అందులో వాయించడం ఏముంది, సులువు పని, అంతా మెషీన్ పనే కదా, అలా చేస్తే కవర్ మీదైనా చెప్పాలి అని రాశారు. పియానో పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని, ఊరుకోలేక రాస్తున్నా.

ముందు తప్పు సంగతి చెప్తా. ఆయన చెప్పిన ఎ మైనర్ (అదొక స్వరాల వరస పేరు) ఫ్యూగ్, అంటే బాఖ్ 1722 నాటి వెల్ టెంపర్డ్ క్లావియర్ అనే పుస్తకం మొదటి భాగంలోది, గూల్డ్ రెండు చేతులతో మామూలుగానే వాయించాడు. కాకపోతే చాలా టేకులు తీసుకున్నాడు, వాటిలో ఆరోదీ ఎనిమిదోదీ రెండూ బాగా వచ్చాయి, ఒకటి మరీ గంభీరంగా, ఇంకోటి గంతులేస్తున్నట్టు. కొన్ని వారాలాగి వింటే దేనికదే విసుగ్గా అనిపించి మొదలూ చివరా ఆరో టేకు, మధ్యలో ఎనిమిదో టేకు పెట్టి టేపు కోసి అతికించారు. రెండిటి స్పీడూ దాదాపు ఒకటే కాబట్టి అతుకు కుదిరింది. దాచిందేం లేదు, 1966లో ఆయనే వ్యాసంలో రాసుకున్నాడు. ట్రాకు మీద ట్రాకు వేసింది వేరే చోట, ఒపెరాలు రాసిన వాగ్నర్ ఆర్కెస్ట్రా సంగీతాన్ని పియానో మీదకి మార్చుకున్నప్పుడు, అక్కడ ఒక ప్రెల్యూడ్ (ఒపెరా మొదట్లో వచ్చే సంగీతం) చివర్లో రెండు చేతులు చాలక తన మీద తనే ఇంకో రెండు చేతులు రికార్డ్ చేసుకున్నాడు. జాజ్ లో బిల్ ఎవాన్స్ 1963లో మూడు పియానోలూ తనే వాయించి ఆల్బమే చేశాడు, గ్రామీ కూడా ఇచ్చారు.

ఇక 'సులువు' అన్నారు చూశారా, అక్కడే నాకు మండింది. ఫ్యూగ్ అంటే తెలియని వాళ్ళకి, కోలాటం పాటలో ముందు వాళ్ళు పాడాక వెనక వాళ్ళు అందుకుంటారు కదా, ఇక్కడ కూడా అంతే గానీ ముందు వాళ్ళు ఆగరు, వీళ్ళు అదే మాట ఎత్తుకుంటే వాళ్ళు ఇంకేదో పాడుతూనే ఉంటారు. అదే పుస్తకంలో సి షార్ప్ మైనర్ ది ఐదు వాయిస్ ల, అంటే ఒకేసారి నడిచే ఐదు విడి లైన్ల ఫ్యూగ్, 115 బార్లు (మన తాళం ఆవర్తాల్లాంటివి), బేస్ లో మొదలై ఒక్కో వాయిస్ పైకి పైకి వస్తుంది. పోయినేడు దాన్ని ఇంట్లో పాత అప్‌రైట్ పియానో మీద ఐదు ట్రాకులుగా చేద్దామని కూర్చున్నా.

చెవిలో లయ కొట్టే క్లిక్ పెట్టుకుంటే బండి చక్రం తిరిగినట్టు వచ్చింది, తీసేశా. ముందు మొత్తం రెండు చేతులతో వాయించి గైడ్ ట్రాక్ చేసుకుని, అది హెడ్‌ఫోన్స్ లో వింటూ ఒక్కో వాయిస్ విడిగా వాయించా. ఒక్క వేలితో పోయే లైనే, అయినా ఎక్కడ ఊపిరి పీల్చాలో పక్క వాయిస్ ని బట్టి ఉంటుంది, ఆ పక్క వాయిస్ ఏమో ఇంకా రికార్డే అవ్వలేదు! రెండు వాయిస్ లు ఒకే కీ మీద కలిసే చోట ఇంకో తంటా, మామూలుగా అయితే ఒకసారి నొక్కుతాం, ఇక్కడ రెండు ట్రాకుల్లో రెండుసార్లు పడి ఆ ఒక్క నోటే గుడి గంటలా మోగింది. పైగా పియానోలో ఒక కీ నొక్కి పట్టుకుని ఇంకోటి వాయిస్తే మొదటి తీగ కూడా సన్నగా పలుకుతుంది, విడివిడిగా తీస్తే ఆ పలుకు రాదు, తీగలు ఒకదాన్నొకటి వినవు కదా. ఫ్యాన్ ఆపేసి చెమటలు కక్కుతూ నాలుగో వాయిస్ పూర్తి చేసి వింటే కింద బోరు మోటారు. సర్లే మళ్ళీ చేద్దాం అనుకునేలోపు వానలు పట్టుకున్నాయి, పియానో శ్రుతి మారింది, కొత్త ట్రాకు పాత మూడిటితో కలవనే లేదు. చివరికి ఐదూ కలిపితే గదిలో రొద కూడా ఐదు రెట్లు, అంటే 7 డెసిబెల్స్ ఎక్కువ.

అంత కష్టపడితే మిగిలిందేంటంటే, మధ్య వాయిస్ లు. మామూలు రికార్డింగ్ లో పైదీ కిందదీ చెవికి తగులుతాయి, మధ్యవి మునిగిపోతాయి. నా దాంట్లో మూడో వాయిస్ ని కాస్త ఎడమ స్పీకర్ వైపుకి జరిపి పెడితే మా స్టూడెంట్ ఒకమ్మాయి "మేడమ్, ఇది ఇంతకుముందు లేదు కదా" అంది. ఉంది తల్లీ, మూడొందల ఏళ్ళ నుంచీ ఉంది.

ఆ పాఠకులు అన్నదాంట్లో ఒకటి మాత్రం ఒప్పుకుంటా, పొరలుగా చేసినప్పుడు ఆ మాట కవర్ మీద వేయాలి. మన సినిమా డ్యూయెట్లు ఒకరు చెన్నైలో ఒకరు హైదరాబాద్ లో, వేరే వేరే రోజుల్లో పాడతారు, దాన్నెవరూ మోసం అనరు, ఎందుకంటే అందరికీ తెలుసు కాబట్టి.

వచ్చే ఆదివారం గూల్డ్ సంగతి వరకైనా రెండు లైన్ల సవరణ వెయ్యండి. ఆ ఉత్తరం కత్తిరించి తెచ్చి మా స్టూడెంట్ల నాన్నలు ఇద్దరు ఇది నిజమేనా అని ఇప్పటికే నన్ను అడిగారు.

ఇట్లు,
ఒక పియానో టీచర్,
సికింద్రాబాద్