ఇంటికి తీసుకెళ్లమనే ముందు ఇంట్లోవాళ్లకు నేర్పండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

‘ఇక మేం చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి’ అన్న మాట విన్న కుటుంబాలు మన రాష్ట్రంలో ఎన్నో ఉన్నాయి. కడుపు క్యాన్సరుతో ఉన్న మా నాన్నగారి విషయంలో మేమూ విన్నాం. ఆసుపత్రివారు ఇచ్చిన ఫైల్లో స్కానింగు రిపోర్టులు, రక్తపరీక్షల కాగితాలు, మందుల చీటీ ఉన్నాయి గానీ, ఇంటికి చేరాక ఆ మనిషిని ఎలా చూసుకోవాలో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. అడుగుదామన్నా ఏం అడగాలో మాకు తెలియలేదు. ఆ తర్వాత ఆయన 19 రోజులు ఉన్నారు.

చివరి వారంలో తినడం మానేశారు. మా అమ్మ పూటపూటకూ రాగిజావ కాచి, ఆయన తల కాస్త ఎత్తిపట్టి, చెంచాతో నోట్లో పోసేది. ఆయన మింగలేక పొలమారి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా దగ్గేవారు. అయినా ఆమె మానలేదు, తిండి పెట్టకపోతే తన చేతులతో తానే చంపుకున్నట్టవుతుందని ఆమె భయం. ఆ దశలో ఒంటికి ఆకలి దానంతటదే తగ్గిపోతుందని, బలవంతంగా పోసింది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందని, తడిగుడ్డతో నోరూ పెదవులూ తుడుస్తుంటే హాయిగా ఉంటుందని చెప్పినవారు లేరు. తులసి తీర్థమైనా గొంతులో పోయనక్కర్లేదు, పెదవులు తడిపితే చాలు. ‘ఆయన్ని కడుపు మాడ్చి పంపించాను’ అని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఇవన్నీ తర్వాత తెలుసుకుని నేను చెప్పినా నమ్మదు; ఆనాడు ఆసుపత్రిలో ఒక నర్సమ్మ చెప్పి ఉంటే నమ్మేది.

ఒంటి కింద దుప్పటి మడతపెట్టి పరిచి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని రెండు గంటలకోసారి ఒత్తిగిలించడం, ఒకప్పుడు ఆయాగా పనిచేసిన పక్కింటావిడ మాకు నేర్పింది. నేర్చుకోవడానికి పది నిమిషాలు పట్టింది. అప్పటికే ఆయన నడుము కింద రూపాయి బిళ్లంత పుండు పడింది.

చివరి రాత్రి గొంతులో గరగర మొదలైంది, ఊపిరి ఆగి ఆగి వచ్చింది, అరికాళ్లు చల్లబడ్డాయి. మేం హడలిపోయి 108కి ఫోన్ చేశాం. అవి ప్రాణం పోయే ముందు కనిపించే గుర్తులని, గరగర వినేవారికి భయంకరంగా ఉన్నా రోగిని అంతగా బాధించదని, పక్కకు ఒత్తిగిలిస్తే తగ్గవచ్చని తెలిసి ఉంటే ఆయన చెయ్యి పట్టుకుని మంచం దగ్గరే కూర్చునేవాళ్లం. ఆయన దారిలో, అంబులెన్సులో పోయారు. అమ్మ ఇంట్లో ఉండిపోయింది.

ఇందుకు వ్యవస్థ అసలే లేదనడానికి వీల్లేదు. కేంద్రం 2012లోనే పాలియేటివ్ కేర్‌కు (నయం కాని జబ్బున్నవారికి నొప్పీ బాధా తగ్గించే వైద్యసేవకు) జాతీయ కార్యక్రమం రూపొందించింది. నొప్పి తగ్గించే మార్ఫిన్ రోగులకు తేలిగ్గా అందేందుకు 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. కేరళ 2008లోనే ప్రత్యేక విధానం ప్రకటించి పంచాయతీలనూ, వాలంటీర్లనూ ఈ సేవలో భాగం చేసింది. మన దగ్గర హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సరు ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది, జిల్లాల్లో కేంద్రాలున్నాయి, ‘ఆలన’ పేరుతో ఇంటికే వచ్చి చూసే బృందాలున్నాయి. అయితే ‘ఇంటికి తీసుకెళ్లండి’ అని చెప్పే డాక్టరు గదికీ ఆ బృందాలకూ మధ్య దారి వేసినవారు లేరు. మాకు ‘ఆలన’ సంగతి నాన్నగారి దినాలు అయ్యాక ఒక బంధువు చెబితే తెలిసింది.

వైద్య ఆరోగ్య శాఖను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటుదైనా, నయం కాదని చెప్పి పంపే ప్రతి రోగి ఇంటివారితో ఒక నర్సు అరగంట కూర్చుని, ఒత్తిగిలించడం, నోరు శుభ్రం చేయడం చేసి చూపించాలి. మార్ఫిన్ రాసిస్తే నొప్పి ముదిరేదాకా ఆగకుండా చెప్పిన వేళకు వేయాలని, దానితో వచ్చే మలబద్ధకానికి మందు తోడుగా వాడాలని, అలవాటవుతుందన్న భయంతో మానేయవద్దని విడమరచి చెప్పాలి. ఇవే విషయాలు, చివరి గుర్తులతో సహా, పెద్ద అక్షరాల తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి ఫైల్లో పెట్టాలి. దాని మీద జిల్లా కేంద్రం ఫోన్ నంబరు, అర్ధరాత్రి చేసినా ఎత్తే నంబరు ఉండాలి. ఊళ్లోని ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు అదే రోజు కబురు వెళ్లాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హనుమకొండ