నిలువు 9కి సగం జవాబు

కడప,
ఆదివారం, మధ్యాహ్నం.

చిరంజీవి పాపకు నాయన ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. మీ అమ్మకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది. రోజూ రాత్రి నూనె రాస్తున్నా.

నిన్న రాత్రి ఫోన్లో నువ్వన్న మాట తెల్లవార్లూ నా చెవిలోనే ఉంది. “నాయనా, గళ్ళనుడికట్టు (క్రాస్‌వర్డు) మొదలుపెట్టి మూడు వారాలైంది. సగం నువ్వు చెప్తున్నావు, మిగతా సగం ఫోన్లో వెతుకుతున్నా. నేను చేసిందేముంది? సిగ్గుగా ఉంది, ఇంక మానేస్తా” అన్నావు. “సరేలే, పడుకో” అన్నాను గానీ అది నా మనసులో మాట కాదు. ఫోన్లో నాకు మాట సరిగా రాదని నీకు తెలుసు. అందుకే ఈ కాగితం తీసుకున్నా.

మానొద్దు పాపా. గళ్ళు మానొద్దు, అడగడమూ మానొద్దు. అడిగే తీరు కొంచెం మార్చుకో, చాలు.

ముప్పై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టినవాణ్ణి. పొద్దున్నే పేపరు కొని, గళ్ళున్న పేజీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుంటే సాయంత్రానికి నిండేది. అందులో నేనొక్కడినే నింపినవి ఎన్నంటావు? సగం కూడా ఉండవు. మిగతావన్నీ డ్రైవరు, టీ కొట్టాయన, పక్క సీటు ప్యాసింజరు, ఇంటికొచ్చాక మీ అమ్మ పెట్టిన భిక్షే.

ఒకటి చెప్తా విను. రాయచోటి ట్రిప్పులో గువ్వలచెరువు దగ్గర బస్సు ఆపాం. అందరూ పాలకోవా కొనుక్కోవడానికి దిగారు. నేను ఫుట్‌బోర్డు మీద కూర్చుని గళ్ళు ముందేసుకున్నా. మాట కనుక్కోవడానికి ఇచ్చిన ఆధారం ‘నాగలి’, జవాబుకు మూడు గళ్ళు. ఇంకేముంది, ‘హలము’ అని బాల్ పెన్నుతో రాసేశా. దానికి అడ్డంగా పోయే మాట ఎంతకీ కుదరదు. నడిమి గడిలో ‘డ’ రావాలంటుంది, నా ‘హలము’లో ‘ల’ ఉంది. ఆ అడ్డం మాటే తప్పేమోనని దాన్ని కొట్టేశా, మళ్ళీ రాశా, మళ్ళీ కొట్టేశా. కాగితం చిరిగే దాకా వచ్చింది. పక్కన ఒక తాత బీడీ ముట్టించుకుంటూ చూస్తున్నాడు. “ఏంది నాయనా అంత తలకాయ పట్టుకోనుండావు?” అన్నాడు. “నాగలికి ఇంకో పేరు కావాల తాతా, నడిమి అక్షరం డ” అన్నా. ఆయన నన్ను వింతగా చూశాడు. “మడక గదా! మడక లేకుండా సేద్యం యాడుంది?” అన్నాడు. ఆయనకు సంతకం రాదు, టికెట్టు మీద ఊరి పేరు కూడా నన్నే చదవమనేవాడు. అటు మీ అవ్వగారి ఊళ్ళోనూ అందరూ మడకే అనేవాళ్ళు. ఆ మాట వింటూనే పెరిగాను గానీ, గళ్ళ ముందు కూర్చుంటే పుస్తకం మాటే గుర్తుకొచ్చింది నాకు.

ఆ రోజు నుంచి ఒక అలవాటు చేసుకున్నా. ఎవరైనా మాట ఇస్తే ఆ మాట, ఇచ్చినవాళ్ళ గుర్తు డైరీలో రాసుకోవడం. ఆ డైరీ ఇప్పటికీ బీరువాలో ఉంది. ‘మడక – గువ్వలచెరువు తాత’ అని మొదటి పేజీలోనే ఉంటుంది. ఈసారి వచ్చినప్పుడు చూపిస్తా.

సిగ్గు అన్నావు గనుక ఇంకో మాట. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ అనే పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన ఇలాంటి గళ్ళ పజిల్ మొట్టమొదటిది వేశాడు. చదరంగా కాకుండా వజ్రం ఆకారంలో ఉండేది. అందులో పైన మూడు గళ్ళలో ‘ఫన్’ అనే మాట ఆయనే నింపి ఇచ్చాడు. అంటే ఈ ఆట పుట్టిన రోజే ఒక మాట సాయం చేసి మరీ పుట్టింది. మనం ఒక అక్షరం అడిగితే తప్పేముంది?

అంత దూరం కూడా పోనక్కర్లేదు. బ్రౌన్ దొర 1820లో మన కడపకు వచ్చేనాటికి ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు. ఇక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి పెట్టుకుని, తాళపత్రాలు ముందేసుకుని అడిగి అడిగి నేర్చుకున్నాడు. 1852లో అచ్చయిన ఆయన తెలుగు నిఘంటువు వెనక ఎంతమంది నోటి మాట ఉందో! ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది. నీ టెన్త్ అయిపోయాక ఒకసారి తీసుకుపోయా, నీకు గుర్తుందో లేదో. రిటైరయ్యాక నేను వారానికి రెండుసార్లైనా పోతున్నా. ఆయనదే మిశ్రభాషా నిఘంటువు ఒకటి ఉంది, 1854 నాటిది. కచేరీల్లో, బజార్లలో తెలుగులో కలిసిపోయిన ఉర్దూ, పారసీ మాటలన్నీ అందులో పోగేశాడు. తాసీల్దారు ఆఫీసు సంగతులేవైనా ఆధారంలో కనిపిస్తే నాకు ముందు అదే గుర్తుకొస్తుంది.

ఇంక నీ సంగతి. నువ్వు ఫోటో పెట్టి “అడ్డం 14 చెప్పు” అంటున్నావు. నేను వెంటనే చెప్పేస్తున్నా. అక్కడే నేను తప్పు చేశాను. నీకు నిద్ర టైము అవుతోందని, పొద్దున్నే ఆఫీసుందని, తొందరపడి పూర్తి మాట పంపేస్తున్నా. అలా వచ్చిన మాట నీ దగ్గర నిలవదు, మరుసటి వారం మళ్ళీ అదే అడుగుతావు. ఇక మీదట నువ్వు “రెండో అక్షరం చెప్పు నాయనా” అని అడుగు, నేనూ ఆ ఒక్క అక్షరమే చెప్తా. మిగతాది నువ్వు లాగు.

నన్ను అడిగే ముందు ఆ గడినే అడుగు. మన తెలుగు గళ్ళలో అక్షరాల లెక్కే సగం సాయం చేస్తుంది. ఒత్తులు, సున్నాలు ఎన్నున్నా ఒక అక్షరానికి ఒకే గడి. హలం అంటే రెండు గళ్ళు, హలము అంటే మూడు. సున్నానా, ‘ము’నా అనేది ఆ లెక్కే చెప్తుంది. ఆధారం బహువచనంలో ఉంటే చివరి గడిలో పెన్సిలుతో సన్నగా ‘లు’ రాసి పెట్టుకో. పెన్సిలే వాడు. బాల్ పెన్నుతో రాసిన తప్పును ఒప్పుకోవడానికి మనసు రాదు, నా ‘హలము’ సంగతి చూశావుగా. నక్షత్రం పేరు రెండు గళ్ళలో అడిగారనుకో. మఖ, పుబ్బ, హస్త, చిత్త, స్వాతి, మూల ఇన్ని ఉన్నాయి. అడ్డం మాట పూర్తి చేసి రెండో గడిలో ‘త్త’ తెచ్చుకున్నావంటే చిత్త తప్ప ఇంకోటి పట్టదు.

తర్వాత ఆధారం కూర్చినాయన వాడిన మాటలు చూడు. ‘తిరగబడింది’, ‘వెనక్కి నడిచింది’, ‘తడబడింది’ అన్నాడంటే ఆయన దాచలేదు, అక్షరాలను తారుమారు చేసి చదవమని చేయి చాపి చూపిస్తున్నాడు. ‘తిరగబడిన లంకతో రాసుకోవచ్చు’ అంటే కలం. నువ్వు మొదటి వారంలో దీనికి రావణాసురుడి చుట్టాలందరినీ వెతికావు, గుర్తుందా? నాకిష్టమైనది ఇంకోటుంది. ‘పడక తిరగేస్తే మన ఊరు’. అది చూసిన రోజు మేమిద్దరం ఎంత సంబరపడ్డామో! మీ అమ్మ కాగితం మీద మూడు అక్షరాలూ రాసి కుడి నుంచి ఎడమకు వేలు పెట్టి చదివింది. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో పడుకుని లేస్తున్నాం, ఈ మాట తట్టనే లేదే అంది. కడపలో మొదటి అక్షరం ‘క’ను సరళం చేసి ‘గ’ అంటే గడప. తిరుమల వెంకన్నకు తొలిగడప మన దేవుని కడపే గదా. ఒక్క ఊరి పేరులో మూడు ఆధారాలు ఉన్నాయి చూడు.

ఇంట్లో వాళ్ళను మించిన నిఘంటువు లేదు. పోయిన నెల ‘కుండ కింద పెడతారు, మనిషికీ ఉండాలి’ అని మూడు గళ్ళు ఇచ్చారు. శబ్దరత్నాకరం తెరిచాను, ఫోన్లో ఆంధ్రభారతి తెరిచాను. ఆ సైటులో ఒక మాట కొడితే నాలుగైదు నిఘంటువులు ఒకేసారి పలుకుతాయి, చాలా గొప్ప పని చేశారు వాళ్ళు. కానీ దానికి ఏదో ఒక మాట ఇవ్వాలి గదా, నా దగ్గర ఆ మాటే లేదు. పీట అనుకున్నా, పొయ్యి అనుకున్నా, లెక్క కుదరలేదు. వంటింట్లోంచి మీ అమ్మ గరిటె తిప్పుతూ తిప్పుతూనే “కుదురు” అంది. గుడ్డ పేలికలు చుట్టి మీ అవ్వ నీళ్ళకుండ కింద పెట్టేదే, అది. కుదురుగా కూర్చో అని నిన్ను రోజుకు పదిసార్లు అన్నదీ ఆ అవ్వే.

అందుకే అడగమంటున్నా. ఆ బెంగళూరులో మీ ఆఫీసులో మన జిల్లాల పిల్లలు ఉండారన్నావు. అన్నం దగ్గర ఒక ఆధారం చదివి వినిపించు. మీ హాస్టల్లో వంట చేసే ఆమె మదనపల్లె మనిషన్నావు గదా, వంటింటి మాటలు ఆమెనడుగు. అడిగించుకున్నవాళ్ళ మొహం ఎట్లా వెలుగుతుందో నీకే తెలుస్తుంది. ఆ గువ్వలచెరువు తాత ఆ తర్వాత నా బస్సెక్కిన ప్రతిసారీ “ఈ పొద్దు ఏమన్నా మిగిలిందా?” అని ఆయనే అడిగేవాడు.

పొద్దున్నే జవాబులన్నీ ఒకేసారి చూపించే చోట్లు ఫోన్లో ఉంటాయని నువ్వే చెప్పావు. వాటిని మరుసటి రోజు, నీ గళ్ళు సరిచూసుకోవడానికి వాడు. ఖాళీ గళ్ళు ముందుండగా మాత్రం తెరవొద్దు. ఒక్కసారి కంటబడిన మాట ఇక పోదు, వెతుక్కునే సుఖం పోతుంది.

ఎంత చేసినా కుదరనివి కొన్ని ఉంటాయి. ఒక పత్రికలో ఒకసారి రెండు ఆధారాలు తారుమారయ్యాయి. నాలుగు గళ్ళ దానికి రెండు గళ్ళ ఆధారం పడింది. ఆ రాత్రి పన్నెండు దాకా కూర్చున్నా, చాలా బాధపడ్డా. మరుసటి రోజు చిన్న అక్షరాలతో సవరణ వేశారు. కాబట్టి అన్నీ సరిగ్గా ఉండి ఒక్క మూల మాత్రమే మొండికేస్తే, తప్పు నీదే అనుకోవద్దు. వదిలేసి పడుకో.

ఇంకోటి దాచకుండా చెప్తున్నా. రాత్రి తొమ్మిదిన్నరకు నీ ఫోటో వస్తుందని నేనూ మీ అమ్మా అన్నం తొందరగా తినేసి కూర్చుంటున్నాం. ఇదివరకు ఫోన్ చేస్తే “తిన్నావా, తిన్నా” తోనే అయిపోయేది. ఈ మూడు వారాల్లో మనం మాట్లాడుకున్నన్ని మాటలు నువ్వు ఊరు వదిలాక ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అది ఆగిపోవడం నాకు ఇష్టం లేదు.

మీ అమ్మ చెనిక్కాయల పొడి కొట్టింది, పాలకోవా కూడా పెట్టింది. రేపు బస్సులో పార్సిలు వేస్తా, మంగళవారం తీసుకో.

నిన్న వదిలేసిన నిలువు 9 సంగతి. ‘గుర్రం నోట పెట్టేదాంట్లో ఎత్వం తీసేస్తే పంట నూర్చే చోటు’, రెండు గళ్ళు. మొదటి అక్షరం ‘క’. రెండోది చెప్పను. నీ ఆరో ఏట మీ అవ్వగారి ఊళ్ళో చెనిక్కాయ కట్టె వామి ఎక్కి, కిందికి దొర్లి, గౌనంతా దుమ్ము చేసుకుని ఏడుస్తూ కూర్చున్నావే, ఆ చోటు పేరే అది.

ఆశీస్సులతో,
మీ నాయన