క్రేవెన్‌ది తెగింపు కాదు, పనితనం

సంపాదకులకు నమస్కారం.

స్పీడ్‌వే (మట్టి ట్రాక్ మీద ఎడమవైపే తిరుగుతూ సాగే మోటార్‌సైకిల్ పందెం) ప్రస్తావన వస్తే చాలు, ప్రాణాలతో చెలగాటమని మీ పత్రికలో రాసేస్తున్నారు. బ్రేకుల్లేని బండి కాబట్టి అలా అనిపించడం సహజమే. ఇంగ్లండ్ రైడర్ పీటర్ క్రేవెన్ ఎలా గెలిచాడో చూస్తే మాత్రం ఆ మాట నిలవదు.

1934లో లివర్‌పూల్‌లో పుట్టి, మాంచెస్టర్ బెల్ వ్యూ జట్టుకు ఆడిన ఈ పొట్టి మనిషి 1955లోను, 1962లోను లండన్ వెంబ్లీలో ప్రపంచ విజేత అయ్యాడు. ఫైనల్‌లో 16 మంది, 20 పందేలు, పందేనికి నలుగురు. ఒక్కొక్కరికి ఐదు పందేలు, ప్రతి ప్రత్యర్థితోనూ ఒక్కసారి పోటీ. మొదటివాడికి 3 పాయింట్లు, ఆపైన 2, 1, సున్నా. 1962లో అతను తెచ్చుకున్నవి 15కి 14. గుడ్డి ధైర్యానికి అన్ని రావు.

అప్పటి బండికి బ్రిటిష్ కంపెనీ జాప్ చేసిన 500 సీసీ ఇంజిన్, ఒకటే సిలిండర్, ఒకటే గేరు. ఇంధనం మిథనాల్, ఇంజిన్ నూనె మన ఆముదమే. మలుపులో నేలకు ఆనించే ఎడమ బూటు కింద ఇనుప తొడుగు. మలుపులో వెనక చక్రాన్ని కావాలనే బయటికి జారనిచ్చి, హ్యాండిల్‌ను కుడికి తిప్పి పట్టుకుని బండిని ఎడమకు పోనిస్తారు. ఎంత జారాలో చెప్పేది యాక్సిలరేటరే. ఎక్కువ తిప్పితే వెనక చక్రం ముందుకొచ్చి బండి పడుకుంటుంది. భయపడి ఒక్కసారిగా వదిలేస్తే ఇంకా ప్రమాదం: టైరుకు పట్టు దొరికి, బండి నిటారుగా లేచి కంచె మీదికి పోతుంది.

రైడర్ బరువు తక్కువైతే బండి త్వరగా వేగం అందుకుంటుంది. అయితే వెనక చక్రం మీద బరువు చాలక ఊరికే గిర్రున తిరుగుతుంది. క్రేవెన్ ఆ లోటును ఒళ్లంతా కదిలించి పూడ్చేవాడు. పట్టు కావాల్సినచోట వెనక్కి, జారాల్సినచోట ముందుకి. ‘బ్యాలెన్స్ మాంత్రికుడు’ అన్న పేరు అందుకే వచ్చింది.

1963 సెప్టెంబరు 20న ఎడిన్‌బరోలో, ముందు పడిపోయిన రైడర్‌ను తప్పించబోయి కంచెను ఢీకొన్నాడు. నాలుగు రోజులకు, 29 ఏళ్లకే కన్నుమూశాడు. అది దుడుకుతనం కాదు, ఎదుటివాడి ప్రాణం కాపాడే ప్రయత్నం. ఇకపై స్పీడ్‌వే వార్తలతోపాటు ట్రాక్ పొడవు, నేల రకం, ప్రతి పందెం పాయింట్లు కూడా వేయండి. ఎవరు ఎలా నడిపారో పాఠకులకే తెలుస్తుంది.

— ఒక పాఠకుడు, గుంటూరు